మదనవిలాసం నుండి మానేరు కట్ట వరకు

విహారయాత్ర అనే మాట మన పుస్తకాలలో పాతదే కావచ్చును గాని, కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో అది మొన్న వచ్చిన మాట. బడిపిల్లలను ఏడాదికొకసారి బస్సులో ఎక్కించి తీసుకొని పోయే పంతుళ్ళు దానిని ఊళ్ళలోనికి తెచ్చినారు. అంతకు ముందు మన పెద్దలెవరూ విహారానికని ఇల్లు కదలినట్లు చెప్పుకోలేదు. "ఏములాడ పోతున్నం" అన్నారు. "గంగకు పోయి వస్తం" అన్నారు. ఈ ప్రాంతంలో గంగ అంటే గోదావరియే. "జాతర ఉన్నది", "బిడ్డను పండుగకు తోలుకరావాలె", "సంతల పని ఉన్నది" అన్నారు. పైకి చెప్పిన కారణం ఒక మొక్కో, ఒక స్నానమో, ఒక చుట్టరికమో. ఆ కారణం నీడన రెండు దినాల తీరిక, చెట్టు కింద వంట, రాత్రి తెల్లవార్లు కథ, పిల్లలకు ఒక బొమ్మ, ఆడవారికి నలుగురితో కలిసి నడిచిన దారి ఉండేవి. వేడుకకని వేరుగా పోలేదు కాబట్టి వేడుకే లేదని తలచడం పొరపాటు.

ఈ అలవాటుకు చరిత్ర ఉన్నది. దానిని చెప్పబోయే ముందు ఒక మాట. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలు చిన్న జిల్లాలుగా విడిపోయినవి. జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ఒకవైపు, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు మరొకవైపు వేరు జిల్లాలైనవి. నేను మాత్రం పాత హద్దులతోనే మాట్లాడుతాను. జాతరకు బండి కట్టినవాడు జిల్లా హద్దు చూచి కట్టలేదు గదా!

కరీంనగరు నుండి జగిత్యాలకు పోయే దారిలో గంగాధర అనే ఊరున్నది. దానికి సమీపంలోని కురిక్యాల వద్ద ఒక రాతిగుట్ట ఉన్నది. చుట్టుపక్కలవారు దానిని బొమ్మలమ్మ గుట్ట అంటారు. గుట్ట మీద పెద్ద బండకు చెక్కిన బొమ్మలున్నవి. నడుమ చక్రేశ్వరీదేవి, ఇరువైపుల జినమూర్తులు. ఆ దేవి జైనుల దేవి అని ఊరివారికి ఎవరు చెప్పాలి? చెప్పినా వారికి పట్టింపు లేదు. బొమ్మలున్నవి కనుక బొమ్మలమ్మ, అమ్మ కనుక మొక్కదగినది. జైనం ఈ ప్రాంతం నుండి తొలగిపోయి ఎన్ని వందల సంవత్సరాలైనా ఆ బండ చెక్కుచెదరక మిగిలిందంటే, పేరు మార్చుకొని అయినా సరే, ఊరు ఆమెను వదలిపెట్టకపోవడమే కారణమని నాకు తోచుతుంది.

బొమ్మల కింద పదకొండు పంక్తుల శాసనమున్నది. క్రీస్తుశకం 945 ప్రాంతంలో దానిని వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ సాహిత్యానికి ఆదికవి అనిపించుకొన్న పంపనికి ఇతడు తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్య రాజైన రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండి, 941లో ఆదిపురాణాన్ని, ఆ తర్వాత తన రాజునే అర్జునునితో పోల్చి విక్రమార్జున విజయాన్ని రచించినాడు. ఆ అన్నదమ్ముల పూర్వులు వేంగినాటివారు. అన్న కన్నడంలో మహాకావ్యాలు రాయగా, తమ్ముడు గుట్ట మీద సంస్కృత కన్నడాలతో పాటు తెలుగులోనూ చెక్కించినాడు. ఆ తెలుగు మూడు కందపద్యాలు. నన్నయ రాజమహేంద్రవరంలో భారతాన్ని మొదలుపెట్టడానికి ఇంచుమించు నూరేండ్ల ముందటివి. తెలుగుకు 2008లో ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించిన తర్వాత ఈ గుట్ట పేరు పత్రికలకెక్కినది. ఇది ఛందస్సు తెలిసినవారికి పండుగ వంటి సంగతి.

నేటి మన విషయానికి మాత్రం ఆ శాసనంలోని మరొక సంగతి ముఖ్యం. జినవల్లభుడు దేవతామూర్తులను చెక్కించడంతో ఊరుకోలేదు. త్రిభువనతిలకమనే బసదిని కట్టించినాడు. కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించినాడు. మదనవిలాసమనే తోట వేయించినాడు. కవితాగుణార్ణవుడనేది అన్న పంపని బిరుదు. అన్న బిరుదును చెరువుకు పెట్టుకొన్న తమ్ముని మురిపెం వేయిన్ని ఎనభై ఏండ్ల తర్వాత కూడ చదివేవానికి తెలుస్తుంది. ఇక తోట పేరు చూడండి. సర్వసంగ పరిత్యాగాన్ని బోధించే జినుని కొండ పక్కన మన్మథుని పేరు పెట్టిన తోట! అది ఎవరికోసం వేసినాడో శాసనం చెప్పదు. ధ్యానం చేసే మునులకు మాత్రమే అయితే ఆ పేరు పెట్టనవసరం లేదు. గుట్టెక్కి దిగిన యాత్రికుడు కాళ్ళు కడుగుకొనడానికి నీరు, కూర్చొనడానికి నీడ, కళ్ళకు పువ్వులు ఉండాలని తలచినాడనుకొంటే తప్పేమున్నది? భక్తి, నీటివసతి, వేడుక ఒకే గుట్ట చుట్టూ ఒకే చేతితో ఏర్పడినవి. మన జాతరల నమూనా ఇదే. దానికి ఇంతకంటె పాత లిఖిత సాక్ష్యం ఈ ప్రాంతంలో నేను చూడలేదు.

ఆ రోజులలో గంగాధర ప్రాంతం మారుమూల కాదు. సోమదేవసూరి అనే జైనాచార్యుడు యశస్తిలక చంపువును 959లో గంగధార అనే చోట పూర్తి చేసినానని చెప్పుకొన్నాడు. అది ఈ గంగాధరయే అని పలువురు పండితుల అభిప్రాయం. ఇప్పుడు ఆ దారిన బస్సులో పోయేవారిలో అధికులకు అది ఒక స్టేజీ పేరు మాత్రమే.

ఆ చాళుక్యుల రాజధాని వేములవాడ నేడు రాజన్న క్షేత్రం. అరికేసరి పేరు తెలియని వారుంటారు గాని, రాజన్న పేరు తెలియని ఇల్లు ఈ రెండు జిల్లాలలో లేదు. అక్కడి ముఖ్యమైన మొక్కు కోడె మొక్కు. కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి ఆలయంలో కట్టివేస్తారు. వ్యవసాయదారుడు దేవునికి ఇవ్వగలిగిన వాటిలో కోడెకంటె విలువైనది ఏమున్నది? మేడారంలో రెండేండ్లకొకసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు పోయేవారు ముందుగా రాజన్నను చూచిపోవడం ఆచారం. కనుక ఆ ఏడు మాఘమాసానికి ముందు నుండే వేములవాడ నిండిపోతుంది. ధర్మగుండంలో స్నానం, కోడె, దర్శనం, ఇవి ఒక పూటలో ముగుస్తవి. మిగిలినదంతా తీరికే. ఎడ్లబండ్ల కాలంలో ఆ తీరిక మరింత పెద్దది. ఎడ్లకు విశ్రాంతి కావాలి గనుక మనుషులకూ విశ్రాంతి దొరికేది. మూడు రాళ్ళ పొయ్యి, కొత్త కుండ, బండిలో తెచ్చుకొన్న బియ్యం. మోటారు వచ్చిన తర్వాత ప్రయాణం సుఖమైనది, యాత్ర పొట్టిదైనది.

రాత్రి అయితే ఒగ్గుకథ. ఒగ్గు అంటే శివుని డమరుకం. దానిని చేత పట్టి మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పేవారు ఒగ్గువారు. కథకుడు ఒకడే. పక్కన డోలు, తాళాలు, వంత పాడేవారు. కథకుడే రాజవుతాడు, రాణి అవుతాడు, కొప్పు ముడిచి కొంగు కప్పితే అత్తగారవుతాడు. నడుమ నడుమ కథ ఆపి, ఎదుట కునికిపాట్లు పడుతున్న ఊరిపెద్దను పేరు పెట్టి పిలిచి ఒక చురక వేస్తాడు. జనం ఘొల్లుమంటారు. ఆయనా నవ్వుతాడు, నవ్వక తప్పదు. మల్లన్న పట్నం వేసినప్పుడు పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పిండితో నేల మీద వేసే ముగ్గు ఒక గంట సేపు కళ్ళను కట్టివేస్తుంది. తెల్లవారేసరికి దానిని తొక్కి చెరిపివేస్తారు.

రేడియోలో పనిచేసేవానిగా ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఒగ్గుకథను మేము అరగంటకు కుదించి ప్రసారం చేస్తాము. ఆరు గంటల కథను అరగంట చేసినప్పుడు కథ మిగులుతుంది, పాట మిగులుతుంది. పోయేది ఆ ఊరిపెద్దకు తగిలే చురక. స్టూడియోలో ఎదుట ఎవరూ ఉండరు గనుక కథకుడు ఎవరిని పిలవాలి? స్టూడియోకు మొదటిసారి వచ్చిన పెద్ద కళాకారులు మైకు ముందు నిలబడి, అద్దం అవతల ఉన్న మమ్ములనే జనంగా భావించి ఒక్కొక్కసారి మాకే చురక వేస్తారు. అటువంటి రికార్డింగులే బాగుంటవి.

వేములవాడ దగ్గర హనుమాజీపేట అనే చిన్న ఊరున్నది. ఒగ్గుకథకు ఊరూరా పేరు తెచ్చిన మిద్దె రాములు ఆ ఊరివాడు. జ్ఞానపీఠ పురస్కారం పొందిన డాక్టరు సి. నారాయణరెడ్డి కూడ ఆ ఊరివాడే. 1931లో పుట్టినారు. బాల్యంలో ఊరికి వచ్చిన హరికథలు, జంగం కథలు, జానపద గేయాలు తనను ఆకర్షించినవని ఆ కవియే చెప్పుకొన్నారు. ఉర్దూ మాధ్యమంలో చదువు సాగిన బాలునికి తెలుగు నడక ఎక్కడ అబ్బింది అని ఆశ్చర్యపడేవారు ఈ సంగతిని మరువకూడదు. బడిలో దొరకని తెలుగు రాత్రి కథల వద్ద దొరికింది. నిజాము పాలనలో మాతృభాషకు బడిలో చోటు తక్కువైన కాలాన, ఊరి వినోదమే తెలుగుకు రెండవ బడి అయినది. దీనిని ఒక్క ఊరి విశేషంగా నేను తలచను. మన జిల్లాలలో రాతకోతలు తెలియకనే వందలాది పద్యాలు కంఠస్థం వచ్చిన ముసలివారిని చూచిన వారందరికీ ఇది తెలుసు.

ఆడవారి తీరిక వేరు. వారికి సంవత్సరంలో తొమ్మిది సాయంకాలాలు చెరువుకట్ట వారిది. బతుకమ్మ పేర్చి, ఆడి, నీటిలో విడిచి, తెచ్చుకొన్న సద్దులు పంచుకొని తినడం. వేములవాడలో మాత్రం సద్దుల బతుకమ్మ ఏడవ దినానికే ముగుస్తుంది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఈ వంకతో రెండు ఊళ్ళలోనూ పండుగ చేసుకొనవచ్చును. భివండిలో, సూరతులో మగ్గాల మీద ఉన్న సిరిసిల్ల చేనేతవారు, గల్ఫు దేశాలలో కూలికి పోయిన జగిత్యాలవారు సెలవు దొరికితే ఊరు చేరేది కూడ ఈ దసరా దినాలలోనే. పాలపిట్టను చూడడానికి ఊరి పొలిమేరకు పోయి, జమ్మి ఆకు చేత పెట్టి అలాయిబలాయి తీసుకొనే ఆ సాయంకాలం కోసం ఎంత దూరం నుండి వస్తారో!

ఇక కోటలు. కరీంనగరుకు పడమట మానేరు ఒడ్డున ఎలగందుల ఉన్నది. ఒకప్పుడు జిల్లాకే ఆ పేరు. ఎలగందుల కిలాదారు సయ్యదు కరీముద్దీను పేర కరీంనగరు వెలసినదని చెప్పుతారు. 1905లో జిల్లా కేంద్రం అక్కడికి మారినది. కచేరీలు పోయినవి, వకీళ్ళు పోయినారు, ఎలగందుల ఊరికి మిగిలింది కోట. దానితో పాటు దోమీనార్ అనే ఈద్గా మిగిలింది. దీనిని 1754లో జఫరుద్దౌలా కట్టించినాడు. మీనారు పైకెక్కి ఊపితే అది కదులుతుందని ప్రసిద్ధి. అహమ్మదాబాదులోని ఊగే మీనార్లను గూర్చి చదివినవారికి ఇది విడ్డూరంగా తోచదు గాని, మన జిల్లా పిల్లలు పుస్తకం తెరవకముందే దీనిని విని ఉంటారు. కోట లోపలి నుండి మానకొండూరు దాకా సొరంగమున్నదని మరొక కథ. తెలంగాణలో సొరంగం కథ లేని కోట నాకు ఇంకా తారసపడలేదు. ఎలగందుల సొరంగాన్ని నమ్మనవసరం లేదు, కాని దానిని చెప్పే ముసలివారిని మధ్యలో ఆపడం అమర్యాద.

జగిత్యాల కోట చూడదగినది వేరొక కారణం చేత. చుట్టూ కందకంతో నక్షత్రం ఆకారంలో ఉన్నది. 1747 ప్రాంతంలో, ఫ్రెంచివారి సలహాతో కట్టినదంటారు. కొండ ఎక్కి కట్టిన కాకతీయుల నాటి దుర్గాలకు, నేల మీద కోణాలు తీర్చిన ఈ కోటకు భేదం చూచినవాడు, ఫిరంగి వచ్చిన తర్వాత గోడ ఆకారం ఎట్లు మారిందో పాఠం లేకుండ నేర్చుకొంటాడు. నిర్మల్ బురుజులకూ ఈ కథ వర్తిస్తుంది. అక్కడికి పోయినవారు బురుజులు చూచినా చూడకపోయినా బొమ్మలు కొనక రారు. తేలికైన పొణికి చెక్కతో చేసి, చింతగింజల జిగురుతో అతికి, రంగులు వేసిన పండ్లు, పిట్టలు. ఆ పిట్టలలో పాలపిట్ట తప్పక ఉంటుంది.

గోదావరి దాటి ఆదిలాబాదు అడవులలోనికి పోతే లెక్క మారుతుంది. ఇక్కడి గోండులకు పొరుగూరికి పోవడమే పండుగ. దీపావళి దినాలలో ఒక గూడెంవారు దండారిగా ఏర్పడి, నెమలి ఈకల కిరీటాలు ధరించిన గుస్సాడీలను ముందుంచుకొని, డప్పు, గుమేల, పెప్రె మోగిస్తూ మరొక గూడానికి అతిథులుగా పోతారు. ఆ గూడెంవారు ఎదురుకొని తీసుకొని వచ్చి, భోజనం పెట్టి, రాత్రి కలిసి ఆడుతారు. ఆ రాకపోకలలోనే సంబంధాలు కుదురుతవి, తగవులు తీరుతవి. మనకు వినోదమనీ, బంధుత్వమనీ, న్యాయమనీ మూడు మాటలున్నవి. వారికి ఆ మూడింటికీ కలిపి ఒక నడక ఉన్నది. మార్లవాయికి చెందిన కనకరాజు గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ పొందినారు, 2024లో పరమపదించినారు. ఆయన ఆట రాజధాని వేదికల మీద చూచినవారు ఎందరో ఉన్నారు. గూడెంలో చూచిన వారు చెప్పేది వేరు. అక్కడ గుస్సాడీ ఆటగాడు మాత్రమే కాడు, దైవం ఆవహించినవాడు. పిల్లలు నవ్వుతారు, భయపడుతారు కూడ.

ఇంద్రవెల్లి సమీపంలోని కేస్లాపూరులో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశంవారు కలశంతో కాలినడకన గోదావరి మీది హస్తినమడుగుకు పోయి నీరు తెస్తారు. దారి పొడుగునా బంధువుల ఊళ్ళు. తిరిగి వచ్చి కేస్లాపూరు మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. కుండలు సిరికొండ కుమ్మరులు చేసినవే కావాలి. ఎన్ని వేలమంది వచ్చినా మెస్రంవారి వంట ఇరువదిరెండు పొయ్యిల మీదనే. వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్ళను దేవునికి చూపించే భేటీ ఆ రాత్రి ముఖ్యం. ఆ భేటీ జరిగితే గాని కోడలికి వంశంలో పూర్తి చోటు లేదు. తెల్లవారిన తర్వాత అంగళ్ళు, రంగులరాట్నం, గాజులు, మిఠాయి. బయటివారికి కనిపించేది ఈ రెండవ భాగమే.

ఈ జాతరలో జరిగే దర్బారుకు వేరొక చరిత్ర ఉన్నది. 1940లో జోడేఘాటు వద్ద కుమ్రం భీము నిజాము పోలీసుల కాల్పులలో నేలకొరిగిన తర్వాత, గోండుల కష్టాలకు కారణమేమో తెలుసుకొమ్మని నిజాము ప్రభుత్వం క్రిస్టఫర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని నియోగించింది. ఆయన భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె వేసుకొని నివసించినాడు. అడవిలో చెదరి ఉన్న గిరిజనులందరూ ఒకచోటికి వచ్చే దినం ఏది అని చూచినాడు, అది నాగోబా జాతర అని గ్రహించినాడు. అధికారులను అక్కడికే రప్పించి అర్జీలు వినిపించినాడు. ఆ దర్బారు నేటికీ జరుగుతున్నది. వేడుకకు వచ్చినవారి చేత పట్టాలను గూర్చి అడిగించిన ఆ ఉపాయం నాకు ఆయన పుస్తకాలకంటె గొప్పదిగా కనబడుతుంది. బెట్టీ 1987లో మరణించగా ఆమె సమాధిని మార్లవాయిలో కట్టినారు. ఆయన కూడ 1995లో గతించిన తర్వాత ఆ ఊరి మట్టినే చేరినాడు.

ఇదే జిల్లాలో నేరడిగొండ వద్ద కడెం వాగు నూటనలుబదియేడు అడుగుల ఎత్తు నుండి దూకే కుంటాల జలపాతమున్నది. శకుంతల పేర ఏర్పడిన పేరని కొందరంటారు. గోండీలో కుంట అంటే మడుగు అనే అర్థమున్నది, అది సరిపోతుండగా దుష్యంతుని అంత దూరం రప్పించడమెందుకు? శివరాత్రికి అక్కడి గుహలోని సోమేశ్వరుని దగ్గరికి జనం పోయేవారు. ఇప్పుడు వానకాలంలో ఆదివారమొస్తే హైదరాబాదు బండ్లు బారులు తీరుతవి. మడుగుల లోతు తెలియక దిగినవారు ప్రాణాలు పోగొట్టుకొన్న సందర్భాలు అనేకం. శివరాత్రికి పోయే ఊరివారు ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో ఎరిగినవారు. దారి చూపే పెద్దలు లేని విహారంలో ఉన్న చిక్కు ఇదే.

ఆదిలాబాదులో 1986లో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన తర్వాత గోండీ పాటలు, కొలామీ మాటలు గాలిలో వినబడసాగినవి. గూడెంలో రేడియో చుట్టూ కూర్చొని తమ భాషను తాము విన్న ముసలివారి ముఖాలను గూర్చి మా పాత సహోద్యోగులు ఇప్పటికీ చెప్పుకొంటారు.

తీర్థానికి పోయిన చోట చరిత్ర దొరకడానికి అన్నింటికంటె పెద్ద ఉదాహరణ కోటిలింగాల. వెల్గటూరు సమీపంలో గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరికి జనం కోటేశ్వరుని దర్శనానికి, గంగస్నానానికి పోయేవారు. వాన పడి మట్టి కొట్టుకొనిపోయినప్పుడు చేలలో పాత నాణేలు పైకి తేలేవి. 1970ల నాటికి ధర్మపురికి చెందిన ఒక చరిత్రాభిమాని వాటిని ఓపికగా పోగుచేసి పండితులకు చూపినాడు. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని పరిశీలించినారు. గోబద, నారన, కంవాయస, సమగోప అనే పేర్లు బయటపడినవి. పురాణాలు శాతవాహనులలో మొదటివానిగా చెప్పిన శిముకుని నాణేలు కూడ, చిముక అనే పేరుతో, అక్కడనే దొరికినవి. తర్వాత 1979 నుండి పురావస్తుశాఖవారు తవ్వకాలు జరిపినారు. అంతవరకు పైఠాను వైపు చూచి మాట్లాడిన చరిత్రకారులు గోదావరికి ఈ ఒడ్డున కూడ ఆగవలసి వచ్చినది. అంతా ఒక మనిషి తన ఊరి దగ్గరి రేవుకు పోయి వచ్చే అలవాటుతో మొదలైనది.

ఈ చోట్లు నేడు ఏ స్థితిలో ఉన్నవి? కోటిలింగాల పాత దిబ్బలలో కొంత భాగానికి శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుకనీటి ముప్పు వచ్చినది. కరీంనగరు చుట్టూ ఉన్న గుట్టలు గ్రానైటుగా మారి ఓడలెక్కి పోయినవి. బాల్యంలో నేను దారి గుర్తుగా ఎరిగిన గుట్టలు రెండు ఇప్పుడు నీరు నిలిచిన గోతులు. బొమ్మలమ్మ గుట్టకు కూడ తవ్వకాల ప్రమాదమున్నదని చరిత్రాభిమానులు మొరపెట్టుకొన్నారు. జనం పోయి వచ్చే గుట్ట మీద చేయి వేయడానికి గుత్తేదారు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. జనం మరచిన గుట్ట అతని కంటికి ఘనపుటడుగుల లెక్క మాత్రమే. వేయేండ్ల మూడు కందపద్యాలను కాపాడడానికి చట్టం కావాలి, కంచె కావాలి. వాటితో పాటు ఆదివారం పూట పిల్లలను తీసుకొని గుట్టెక్కే నాలుగు కుటుంబాలు కావాలి.

ఆదివారం పూట కరీంనగరువారు పోయేది ఇప్పుడు మానేరు కట్ట మీదికి. దిగువ మానేరు ఆనకట్ట పని 1974లో మొదలై 1985 నాటికి పూర్తి అయినది. కట్ట కింద ఉద్యానవనం, జింకల పార్కు వచ్చినవి. 2023 జూన్‌లో మానేరు మీద తీగల వంతెన తెరచినారు. సాయంకాలం గాలికి కట్ట మీద నడవడం, మక్కజొన్న కంకులు కాల్చి అమ్మేవాని దగ్గర నిలబడడం, నీటిలో పొద్దు కుంకడం చూడడం, నా బాల్యంలో మా ఇంటికి ఇంతకు మించిన విహారం లేదు. మొక్కు లేదు, తీర్థం లేదు, ఊరికే పోయి రావడం. ఆ విధంగా పోవడం ఈ జిల్లాలో మా తరంతోనే మొదలైనదేమో. జినవల్లభుని చెరువును, తోటను ఇప్పుడు ప్రభుత్వం కట్టించింది, బసది ఒక్కటే లేదు.

అయితే ఆ నీటి కింద ఊళ్ళున్నవి. ఎగువన మధ్య మానేరు జలాశయం నిండిన తర్వాత వేములవాడ పక్క ఊళ్ళు, కొదురుపాక, అనుపురం, సంకెపల్లి వంటివి, ముంపులో పోయినవి. వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయుని గుడి చుట్టూ నీరు చేరి ద్వీపమైనది. అక్కడికి పడవలో పోవాలి. ముంపు ఊరికి కోడలుగా పోయిన మా మేనత్త ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నది. వేసవిలో నీరు వెనుకకు తగ్గిన సంవత్సరం ఆమె, ఆమె ఈడు ఆడవారు నలుగురు ఒక ఆటో మాట్లాడుకొని, సద్ది కట్టుకొని పోయినారట. మొండిగోడలలో ఎవరి ఇల్లు ఏదో గుర్తుపట్టినారు. చావడి గద్దె మీద కూర్చొని తిన్నారు. పొద్దుగూకే వేళకు తిరిగివచ్చినారు. నేను ఊరికి పోయినప్పుడు ఆ సంగతి చెప్పుతూ, ఇంటి వెనుక తులసిగద్దె దగ్గర ఏరి తెచ్చుకొన్న ఒక పాత పెంకును ఆమె కొంగుముడి విప్పి చూపించింది.

"ఎటు పోయినవు అత్తా?" అని అడిగితే, "ఊరికి పోయి వస్తి బిడ్డా" అన్నది.